తెలుగు తెరపై వాణిజ్యవార్త

ఉదయము 8:30 గంటల వేళ, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు కూడలి వాహనములతో క్రిక్కిఱిసి యుండగా, ఆ కొండరాళ్ల నడుమ వెలసిన వార్తాఛానెళ్ల స్టూడియోలలో రాత్రి జరిగిన న్యూయార్కు విపణి వృత్తాంతము తెలుగున వినిపించుట కారంభమగును. అమెరికా సూచీలు పెరిగినవా తరిగినవా, ముడిచమురు పీపా యెంత పలుకుచున్నది, డాలరు నెదుట రూపాయి నిలకడ యెట్లున్నది, విదేశీ మదుపు సంస్థలు నిన్న ఎంత కొని ఎంత అమ్మినవి, గిఫ్ట్ నిఫ్టీ యే దిక్కు చూపుచున్నది అను వరుస ముగియునంతలో 9 గంటలగును. ప్రీ ఓపెన్ అను పావుగంట గడచి 9:15కు బొంబాయి విపణి తెరచుకొనును. అటుపిమ్మట సాయంకాలము 3:30 వరకు తెర యడుగున అంకెల పట్టీ పరుగిడుచునే యుండును. కేబుల్ తీగ వెంట ఆ యంకెలు కరీంనగరములోని బట్టల దుకాణమునకును, భీమవరములోని రొయ్యల వ్యాపారి యింటికిని, పదవీ విరమణ చేసి పింఛనుతో కాలము గడపుచున్న ఉపాధ్యాయుని ముందుగదికిని చేరును.

ఈ నిత్య కార్యక్రమము తెలుగువారి ఆర్థిక జీవనమునకు చేసిన మేలెంత, చేయక విడిచినదెంత అను ప్రశ్నను సాకల్యముగా విచారించుట యీ వ్యాసమున నా ఉద్దేశము. నా యభిప్రాయమును మొదటనే మనవి చేసెదను. మన వాణిజ్యవార్త ధరను చెప్పుటలో ఆరితేరినది. లెక్కను అడుగుటలో మిక్కిలి వెనుకబడినది. ధర క్షణక్షణము మారును, కనుక తెరకు అది ప్రియమైన వస్తువు. లెక్క సంవత్సరమున కొకసారియో, మూడు నెలల కొకసారియో వెలువడును, దానిని చదువుటకు ఓపిక వలయును. కాని కుటుంబములను నిలిపినదియు, కూల్చినదియు ఎల్లప్పుడును లెక్కయే.

వాణిజ్యమునకును తెలుగు పత్రికారచనకును గల చుట్టరికము నేటిది కాదు. 1893లో అమృతాంజన వ్యాపారమును స్థాపించి ధనార్జన చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయి నగరముననే ప్రారంభించిరి. 1914లో అది మద్రాసున దినపత్రిక యయ్యెను. ఒక తలనొప్పి మందుపై వచ్చిన లాభము తెలుగు దినపత్రికకు ప్రాణము పోసినదన్న సంగతిని స్మరించినపుడు, వార్తయు వాణిజ్యమును పరస్పర విరోధులని తలచుటకు వీలుండదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైనపుడు తెలుగునాట ఎన్ని యిండ్లలో పాత పాసుపుస్తకములను తీసి చూచుకొనిరో ఊహింపవచ్చును. తరువాతి కాలమున ఆకాశవాణి ధరవరలను చదివి వినిపించెను. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వచ్చెను, 1995లో ఈటీవీ వచ్చి అన్నదాత వంటి కార్యక్రమముతో పొలమును తెరపైకి తెచ్చెను, 2004లో టీవీ9 యిరువది నాలుగు గంటల వార్తను అలవాటు చేసెను.

2007వ సంవత్సరమును మాత్రము కొంత నిలిచి చూడవలెను. 1943లో పుట్టి, 1958లో ప్రభుత్వ గుర్తింపును పొందిన హైదరాబాదు స్టాక్ ఎక్స్‌ఛేంజి, బ్రోకర్ల యాజమాన్యమును తగ్గించుకొని అధిక భాగము వాటాలను ఇతరులకు అప్పగింపవలెనన్న నిబంధనను గడువులోపల నెరవేర్పలేక, ఆ యేటి ఆగస్టులో గుర్తింపును పోగొట్టుకొనెను. దాని వ్యాపారము అంతకు ముందే క్షీణించినది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజి కంప్యూటర్ తెరలను దేశమంతట పరచిన నాటినుండి ప్రాంతీయ విపణులకు గడ్డుకాలమే దాపురించినది. సరిగా ఆ సంవత్సరముననే ఎన్‌టీవీయు, టీవీ5యు జూబ్లీ హిల్స్ కేంద్రముగా ప్రసారములను ప్రారంభించినవి. రెండేండ్లకు ఏబీఎన్ ఆంధ్రజ్యోతియు ఆ కొండమీదనే వెలసినది. అనగా, బేరము జరుగు స్థలము నగరమును విడిచిపోయిన యేడే, బేరమును వర్ణించు స్థలము నగరమున ఏర్పడినది. ఈ మార్పు యొక్క ఫలితము నేటికిని మన వాణిజ్యవార్త స్వభావములో కనబడుచున్నది: అది దూరమున జరుగుచున్న ఆటకు వ్యాఖ్యానముగా పుట్టి, వ్యాఖ్యానముగనే మిగిలినది.

దేశమున ఈ విద్యకు ఆచార్యస్థానము సీఎన్‌బీసీది. అమెరికాలో 1989లో పుట్టిన ఆ సంస్థ 1999 డిసెంబరులో భారతదేశమునకు ఇంగ్లీషున వచ్చి, 2005లో ఆవాజ్ పేర హిందీలోనికిని, 2014లో బజార్ పేర గుజరాతీలోనికిని దిగినది. వర్తకమును కులవృత్తిగా గల జనము అధికముగా నున్న భాషకు ప్రత్యేకమైన ఛానెల్ లభించుట సహజమే. తెలుగున మాత్రము వాణిజ్యవార్త, సాధారణ వార్తాఛానెలులో ఒక యరగంటగనో గంటగనో ప్రధానముగా నిలిచినది. టీవీ5 ఉదయవేళ నడపిన బిజినెస్ బ్రేక్‌ఫాస్ట్ ఈ జాతికి చక్కని యుదాహరణము. రాజకీయ చర్చ యింకను నోరు తెరువని ఉదయపు వేళలో, ఇంగ్లీషు రాని ప్రేక్షకునికి మ్యూచువల్ ఫండ్ అననేమి, సిప్ అననేమి, బోనస్ షేరు వచ్చిన ధర యేల తగ్గును అను విషయములను తెలుగున బోధించుట సామాన్యమైన సేవ కాదు. 2020 మార్చి నాటికి దేశమున 4 కోట్లుగా నుండిన డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టు నాటికి 10 కోట్లను దాటినవి. ఈ కొత్తవారిలో ఇంగ్లీషు వార్షిక నివేదికను చదివి అర్థము చేసికొనగలవారు ఎందరు? మాతృభాషలో చెప్పువాడు లేకున్న వారు చీకటిలో నడువవలసినదే. ఈ పని చేయుచున్న యాంకర్లను, విశ్లేషకులను నేను గౌరవింతును. తరువాత చేయబోవు విమర్శ ఆ గౌరవమును తగ్గింపదు.

కార్యక్రమమున అత్యంత జనరంజకమైన ఘట్టము ఫోను పిలుపులది. “సార్, నేను సిద్దిపేట నుంచి మాట్లాడుతున్నాను. ఫలానా షేరు 640 దగ్గర రెండొందలు కొన్నాను. ఇప్పుడు 410 ఉంది. ఉంచమంటారా, అమ్మేయమంటారా?” అని ఒకరు అడుగుదురు. “లాంగ్ టర్మ్ అయితే హోల్డ్ చేయండి సార్, 380 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకోండి” అని సమాధానము వచ్చును. వెంటనే మరియొక పిలుపు. ఈ సంభాషణమును విన్నపుడెల్ల నాకు మిక్కిలి బాధ కలుగును, ఏలయన అడుగవలసిన ప్రశ్నలన్నియు అడుగబడక మిగిలిపోయినవి. ఆ లక్షా యిరువదెనిమిది వేల రూపాయలు ఎచ్చటినుండి వచ్చినవి? అప్పు చేసినవా, కూతురి పెండ్లికి దాచినవా? ఆ కుటుంబమునకు ఆరోగ్య బీమా యున్నదా? ఆ షేరును కొనుమని ఎవరు చెప్పిరి? ఆ కంపెనీ యేమి తయారుచేయునో ఆయనకు తెలియునా? నలువది క్షణములలో వీనిని విచారించుట యసాధ్యమే. అయినచో, నలువది క్షణములలో సలహా యిచ్చుట యెట్లు సాధ్యమైనది? నాడి పట్టకుండ మందు వ్రాసియిచ్చు వైద్యుని మనము సహింపము గదా.

తెరపై వినిన సలహా వలన సామాన్యునికి లాభము కలుగునా అను ప్రశ్నకు అమెరికా పరిశోధకులు చాలనాళ్ల క్రిందటనే సమాధానము వెదకిరి. సీఎన్‌బీసీలో విశ్లేషకుల అభిప్రాయములు ప్రసారమైనపుడు ధర యెట్లు కదలునో బస్సీ, గ్రీన్ అను ఇరువురు పరిశీలించి, 2002లో ప్రకటించిన పత్రమున, అనుకూలమైన మాట వెలువడిన ఒక నిముషము లోపలనే ధర దానిని పూర్తిగా ఇముడ్చుకొనునని చూపిరి. ఒక నిముషము! జూబ్లీ హిల్స్‌లో పలికిన మాట ఉపగ్రహమునకు ఎగసి, కేబుల్ నిర్వాహకుని డిష్షులోనికి దిగి, సెట్‌టాప్ పెట్టెను దాటి, సిద్దిపేట శ్రోత చెవిని బడి, అతడు కళ్లజోడు సవరించుకొని ఫోను తీయునప్పటికి ఆ నిముషము ఎప్పుడో గడచిపోయి యుండును. 2005 నుండి అమెరికాలో ప్రసిద్ధమైన మ్యాడ్ మనీ అను కార్యక్రమమును గూర్చిన మరియొక పరిశోధనలో, దాని వ్యాఖ్యాత మెచ్చిన షేర్లు మరునాటి ఉదయమునకు ఎగసి, తరువాతి నెలలలో ఆ పెరుగుదలను కోల్పోయినవని తేలినది. అనగా, విన్న వెంటనే కొన్నవాడు ఎత్తున కొన్నాడు.

ఆ యెత్తును ముందుగ ఎఱిగినవానికి లాభము కలుగును. ఈ ప్రలోభము ఊహామాత్రము కాదని విపణి నియంత్రణ సంస్థయగు సెబీ యుత్తర్వులే చెప్పుచున్నవి. 2021 జనవరిలో, సీఎన్‌బీసీ ఆవాజ్‌లోని ఒక కార్యక్రమ వ్యాఖ్యాత, తాను సిఫారసు చేయబోవు షేర్లను తన కుటుంబ సభ్యుల ఖాతాలలో ముందే కొని, ప్రసారానంతరము అమ్మించెనన్న అభియోగముపై, సెబీ ఆ కుటుంబమును విపణినుండి తాత్కాలికముగా నిషేధించి 2.95 కోట్ల రూపాయలను స్తంభింపజేసెను. 2024 ఫిబ్రవరిలో, జీ బిజినెస్ కార్యక్రమములకు అతిథులుగా వచ్చిన కొందఱు నిపుణులు తమ సిఫారసులను ప్రసారమునకు ముందే ఇతరులకు అందించిరన్న అభియోగముపై మఱియొక మధ్యంతర ఉత్తర్వును వెలువరించి 7.41 కోట్ల రూపాయలను జప్తు చేసెను. 2014 నాటి పరిశోధనా విశ్లేషకుల నిబంధనలు సిఫారసు చేయువాడు నమోదైనవాడై యుండవలెననియు, ఆ కంపెనీలో తనకు గల ఆర్థిక ప్రయోజనమును ప్రసారముననే వెల్లడింపవలెననియు, సలహాకు ముందు 30 దినములు, తరువాత 5 దినములు ఆ షేరును తాను ముట్టరాదనియు నిర్దేశించినవి. నిబంధన స్పష్టముగనే యున్నది. తెరమీద మాత్రము ఆ వెల్లడి చీమతలవంటి యక్షరములలో పరుగెత్తి మాయమగును. తెలుగున పలికిన సలహాకు తెలుగుననే, చదువగలిగినంత పెద్ద అక్షరములలో, చదువగలిగినంత సేపు ఆ వెల్లడిని నిలుపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.

ఫ్యూచర్స్, ఆప్షన్ల సంగతి యింకను దారుణమైనది. 2022 నుండి 2024 వరకు గల మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ వ్యాపారము చేసిన వ్యక్తులలో 93 శాతము మంది నష్టపడిరనియు, ఆ నష్టముల మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలను దాటెననియు సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించెను. మన తెరపై ఆప్షన్ల విభాగము వచ్చిన ప్రతిసారియు ఈ యొక్క అంకెను పైన నిలిపిన, అది వేయి విశ్లేషణములకంటె ఎక్కువ మేలు చేయును. 2025 జనవరిలో సెబీ, విపణి విద్య నేర్పుదుమని చెప్పువారు మూడు మాసముల వెనుకటి ధరలనే వాడవలెనని ఆదేశించుటకు కారణమును ఇదియే: విద్య పేర సలహాను అమ్ముట ఎక్కువైనది.

ఇక లెక్క విషయమునకు వత్తము. తెలుగు వాణిజ్య చరిత్రలో 2009 జనవరి 7వ తేదీ మరపునకు రానిది. ఆ ఉదయము సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, కంపెనీ పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవేలేవని అంగీకరించుచు లేఖ వ్రాసెను. ముందునాడు 179 రూపాయలున్న షేరు ఆ దినము ముగియునప్పటికి 40 రూపాయల ప్రాంతమునకు పడిపోయెను. ఉద్యోగుల కుటుంబములు, అమెరికాలోని బంధువులు, షేర్లను దాచుకొన్న మధ్యతరగతి వారు తెరలకు అతుక్కొనిపోయిన దినమది. వార్తను చేరవేయుటలో ఛానెళ్లకు కొఱత లేకపోయెను. కాని, మూడు వారములకు ముందే, 2008 డిసెంబరు 16న, ఆ కంపెనీ 160 కోట్ల డాలర్లను వెచ్చించి యజమాని కుటుంబమునకే చెందిన మేటాస్ కంపెనీలను కొనబూని, మదుపరుల యాగ్రహమునకు లోనై కొన్ని గంటలలోనే విరమించుకొనెను. ఇంత నగదు గల కంపెనీకి ఆ నగదు ఏ బ్యాంకులలో నున్నది, దానిపై వడ్డీ యెంత వచ్చినది, సాఫ్ట్‌వేర్ వ్యాపారమునకు భూముల కంపెనీ యెందులకు అను మూడు ప్రశ్నలు ఆ మూడు వారములును ప్రతి ఉదయము అడుగదగినవి. వీనికి గూఢచారి యక్కఱలేదు. వార్షిక నివేదికలో ఇతర ఆదాయము అను పంక్తిని చూచిన చాలును. ఆడిటర్లు, డైరెక్టర్లు, ప్రపంచ ప్రసిద్ధులైన విశ్లేషకులు విఫలులైన చోట మన యుదయపు కార్యక్రమము నొక్కదానిని నిందించుట యన్యాయము. అయినను, సొంత నగరములోని కంపెనీ గనుక మనవారి బాధ్యత ఒక పాలు ఎక్కువ.

షేర్లను దాటి చూచిన, తెలుగు గృహస్థుని కూల్చిన ఆపదలు మఱియొక దిక్కునుండి వచ్చినవి. 2001లో కృషి సహకార బ్యాంకు మూతపడి హైదరాబాదు డిపాజిటుదారులను వీధిలోనికి లాగెను. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డ్ లక్షలాది ప్రజలనుండి 6 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి చెల్లింపలేకపోయెను. ఆ సంస్థ యేజెంట్లలో అధికులు పల్లెటూళ్లలో తమ చుట్టాలకే ఆ పథకమును అమ్మినవారు, కనుక డబ్బుతోపాటు చుట్టరికములును పోయినవి. 2010లో హైదరాబాదు కేంద్రముగా గల ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఒక్కొక్క షేరును 985 రూపాయలకు అమ్మి ఆగస్టులో విపణిలోనికి ప్రవేశించెను; అక్టోబరులో, సూక్ష్మఋణముల వసూలులో జరుగుచున్న నిర్బంధములను అరికట్టుటకై రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. షేరు కొన్న నగరవాసియు, వారవారము కిస్తీ కట్టలేక తల్లడిల్లిన పల్లె స్త్రీయు ఒక్క లెక్క పుస్తకమునకు రెండు వైపుల నున్నవారే. తెరమీద మాత్రము మొదటివాని కథ వాణిజ్యవార్తగను, రెండవ యామె కథ జిల్లావార్తగను వేరుపడి వచ్చుట మన యలవాటు. ఈ విభజనను నేను అంగీకరింపలేను. చిట్టీ వేయు ఇల్లాలు, పోస్టాఫీసులో డబ్బు దాచు కూలి, బంగారము తాకట్టు పెట్టు రైతు, వీరును మదుపరులే. చిట్టీ కంపెనీ 1982 నాటి చట్టము క్రింద నమోదైనదా, దాని రిజిస్ట్రారు ఎవరు, డిపాజిటుకు బీమా 5 లక్షల వరకే గదా అను మాటలు నిఫ్టీ మద్దతు స్థాయికంటె వారికి అక్కఱకు వచ్చును.

వ్యవసాయ ధరలను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. గుంటూరు మిర్చి యార్డు, నిజామాబాదు పసుపు, వరంగల్ ఎనుమాముల ప్రత్తి, జాతీయ గ్రుడ్ల సమన్వయ సమితి (నెక్) ప్రకటించు గ్రుడ్డు ధర, భీమవరపు రొయ్య కౌంటు ధర, ఇవి తెలుగునేల యొక్క నిజమైన సూచీలు. వీనికి రైతు కార్యక్రమమున చోటున్నది గాని వాణిజ్య కార్యక్రమమున ఇరువది క్షణములైనను దక్కుట అరుదు.

ఇట్లేల జరుగుచున్నదనిన, ఖర్చు ఎవరు భరించుచున్నారో చూడవలెను. కేబుల్ నిబంధనల ప్రకారము గంటకు 12 నిముషములకు మించి ప్రకటనలు వేయరాదు. ఆ పండ్రెండింటిలో బ్రోకరేజీ సంస్థలు, బంగారపు కొట్లు, వెంచర్ల యజమానులు ముఖ్యులు. అంతటితో పోయిన బాధ లేదు. నగర శివార్లలోని ప్లాట్లను గూర్చి నిపుణునితో ముఖాముఖి యను రూపమున నడచు అరగంటలలో ఏది వార్త, ఏది కొన్న సమయము అని ప్రేక్షకునికి తెలియదు. స్థిరాస్తి నియంత్రణ సంస్థయగు రేరాలో నమోదు సంఖ్య యెంత, భూమి యే సర్వే నంబరులో నున్నది, చెఱువు శిఖము భూమి కాదు గదా అని అడుగు యాంకరు ఆ యరగంటలో కనబడడు. జీవితకాలపు కూడబెట్టిన సొమ్మును తెలుగువాడు షేర్లలోకంటె స్థలములోనే ఎక్కువగా పెట్టును. కనుక ఈ మౌనము వలన కలుగు నష్టము షేర్ల సలహాల వలన కలుగు నష్టముకంటె పెద్దది.

చివరకు, స్టూడియో గోడకు ఆవల నున్న పరిశ్రమ సంగతి. జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ అనగానే లోకమునకు స్ఫురించునది సినిమా. తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఫిలింనగర్‌లోనే యున్నది. నిర్మాణ సంస్థల కార్యాలయములు, డబ్బింగు థియేటర్లు, ఎడిటింగు గదులు వీధివీధినను ఉన్నవి. 1998లోనే చలనచిత్రరంగమునకు పరిశ్రమ హోదా లభించినది. ఇంత దగ్గఱ, ఇంత పెద్ద వాణిజ్యము మఱియొకటి మన వాణిజ్య పాత్రికేయునికి లేదు. అయినను అది వాణిజ్య కార్యక్రమమునకు రాక, వినోద విభాగమునకు పోవుచున్నది.

ఈ వాణిజ్యము నడచు రీతి మిక్కిలి ఆసక్తికరమైనది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఉభయగోదావరులు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని రాజ్యవిభాగములవలె ఏరియాలు ఏర్పడియున్నవి. నిర్మాత ఒక్కొక్క ఏరియాను మినిమమ్ గ్యారంటీకో, అడ్వాన్సుకో, కమిషనుకో పంపిణీదారునికి ఇచ్చును. థియేటరు అద్దె, పన్ను పోగా మిగిలినదానిని షేర్ అనియు, టికెట్ల మొత్తమును గ్రాస్ అనియు అందురు. హిందీ డబ్బింగు హక్కులు, ఓటీటీ, శాటిలైటు, ఆడియో హక్కులు వేఱుగ అమ్ముడగును. గ్యారంటీ యిచ్చినవాడు చిత్రము తప్పిన మునుగును, అడ్వాన్సు యిచ్చినవాడు తరువాతి చిత్రమున సర్దుబాటునకై నిరీక్షించును. బ్యాంకు అప్పునకు దారి యేర్పడినను ప్రైవేటు ఫైనాన్సియర్ల వడ్డీ యింకను బలముగనే పనిచేయుచున్నది, గనుక విడుదల వాయిదా పడిన ప్రతి వారమును నిర్మాతకు ధనరూపమైన నష్టమే. ఇందులో ప్రతి మాటయు వాణిజ్యవార్తకు వస్తువే. కాని ప్రేక్షకునికి చేరునది, మూడవ దినమున పోస్టరుపై అచ్చైన కోట్ల సంఖ్య మాత్రమే. దానిని లెక్క చూచినవా డెవడు, అందులో పన్ను కలిసినదా, విదేశముల వసూళ్లు ఏ మారకపు రేటున చేర్చబడినవి అని అడుగుట లేదు. నిఫ్టీ యొక పాయింటు తప్పుగ చదివిన యాంకరు తలవంచుకొనును. పోస్టరు సంఖ్యను మాత్రము అదే తెర తడబాటు లేక చదివిపెట్టును.

దక్షిణ కొరియాలో చలనచిత్ర మండలి థియేటర్లన్నింటిని ఒక్క కంప్యూటర్ వ్యవస్థకు కలిపి, ఏ చిత్రమునకు ఎన్ని టికెట్లు తెగినవో ప్రతి దినమును ప్రకటించుచున్నది. మన వద్ద 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైన్ టికెట్ల వ్యవస్థకై చట్టమును సవరించినపుడు అట్టి అవకాశము చేరువైనది. కాని ఆ యేటి ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు ఉత్తర్వు టికెట్ల ధరలను కట్టడి చేయుటయు, 2022 మార్చిలో 13వ నంబరు ఉత్తర్వుతో అవి సవరింపబడుటయు, ఆన్‌లైన్ విధానమును హైకోర్టు నిలుపుటయు జరిగి, వివాదమంతయు ధరచుట్టునే తిరిగెను. లెక్క వెల్లడి యగుట వలన పరిశ్రమకు కలుగు మేలు చర్చకే రాలేదు. ఆ నెలలలో తెరపై జరిగిన వాదములు హీరోల పక్షమున కొన్ని, ప్రభుత్వ పక్షమున కొన్ని. బీ సెంటరు అనబడు ఒక చిన్న పట్టణములోని థియేటరునకు కరెంటు బిల్లెంత, సిబ్బంది జీతములెంత, ఏ ధరకు ఎన్ని సీట్లు నిండిన ఆట గిట్టుబాటగునని చూపిన కార్యక్రమము ఆ నాడు ప్రజలకు కావలసి యుండెను.

ఇవి దొరకని వివరములని చెప్పుటకు వీలులేదు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నమోదైన ప్రతి నిర్మాణ సంస్థయు ఏటేట తన జమాఖర్చులను కంపెనీల రిజిస్ట్రారునకు సమర్పింపవలెను. కొద్దిపాటి రుసుము చెల్లించిన వానిని ఎవ్వరైనను చూడవచ్చును. విపణిలో నమోదైన పీవీఆర్ ఐనాక్స్ మూడు నెలల కొకసారి తన థియేటర్లకు ఎందరు వచ్చిరో, సగటు టికెట్టు ధర యెంతో ప్రకటించుచునే యున్నది. ఈ రెండింటిని కలిపి చదువగల యువ పాత్రికేయు నొక్కనికి ఆఱు నెలల తీరిక యిచ్చిన, తెలుగు సినిమా వాణిజ్యముపై ఇంతవరకు లేని యొక వార్షిక సమీక్ష సిద్ధమగును.

2025 ఆగస్టు ఆరంభమున తెలుగు చలనచిత్ర కార్మికుల సమాఖ్య వేతనములలో 30 శాతము పెంపును కోరి పనిని ఆపెను. కృష్ణానగర్ గల్లీలలో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్‌లు షూటింగులు లేక యుండిరి. 18 దినములకు, దశలవారీగా 22.5 శాతము పెంపుతో ఒప్పందము కుదిరెను. ఈ వృత్తాంతము తెరపై నిత్యము వచ్చినది: నిర్మాతల మాట, నాయకుల మాట, మంత్రుల మాట, పెద్దల మధ్యవర్తిత్వము. ఆ దినములలో ఏ యుదయమైనను, ఒక మధ్యతరహా చిత్రపు వ్యయములో దినవేతనముల పాలెంత, వడ్డీ పాలెంత, ప్రధాన పారితోషికముల పాలెంత అని మూడు నిలువు గీతలను గీసి చూపియుండిన, 30 శాతము పెంపు వలన మొత్తము వ్యయము నిజముగ ఎంత పెరుగునో కృష్ణానగర్ కార్మికునికిని, ఫిలింనగర్ నిర్మాతకును ఒక్కసారిగా కనబడియుండెడిది.